గీతకి ఆనుకున్న చుక్క

కంప్యూటర్ తనతో ఆటలాడుతోందని జైబున్‌కి అనుమానం వచ్చింది.

తను అడిగే ప్రశ్న ఒక్కటే. అడిగిన ప్రతిసారీ వచ్చే జవాబు మాత్రం వేరు. ఒకసారి మూడు పాయింట్ ఒకటి రెండు అంటుంది. మళ్ళీ నొక్కితే మూడు పాయింట్ ఒకటి ఏడు. పొద్దున క్లాసులో పిల్లలకి తలా ఒక జవాబు వచ్చింది. నాది కరెక్టంటే నాది కరెక్టని పోట్లాడుకుని, చివరికి అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఎవరిది రైటో మీరే చెప్పండి మేడమ్."

జైబున్ డస్టర్ తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టింది. బోర్డు మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని గుట్ట కింది దర్గాకి నడిచింది.

జైబున్ ఎర్రబండ హైస్కూల్లో కంప్యూటర్ టీచరు. దర్గా పక్క గదిలో ఉండే కరీముల్లా బాబా ఆమెకి గురువు. గురువారాల్లో ఊళ్ళో సాయిబులూ, తక్కిన కులాలవాళ్ళూ చక్కెర మీద ఫాతెహా చదివించుకోడానికి ఆయన దగ్గరికి వస్తారు. మిగతా రోజుల్లో ఆయన వసారాలో కూర్చుని గొడుగులు బాగుచేస్తుంటారు. వంగిన చువ్వలు సాపు చేయడం, ఊడిన గుడ్డ మళ్ళీ కుట్టడం. ఏదైనా అడగవచ్చినవాళ్ళు ఆయన చేతుల్ని చూస్తూ కూర్చుని, చాలాసార్లు అడగకుండానే లేచి వెళ్ళిపోతారు.

జైబున్ ఏడాదిగా వస్తోంది. తమ్ముడు ఇలియాస్ పోయినప్పటి నుంచి. మొదట్లో ఏడవడానికి వచ్చేది. తర్వాత అడగడానికి. బాబా జవాబంటూ ఏదీ చెప్పలేదు. "చాయ్ తాగు బేటీ" అనేవారు. ఆమె తాగేది. అంతే.

"ఏమైంది, మొహం అట్లుంది?" అన్నారు బాబా, సూదిలో దారం ఎక్కిస్తూ.

"పై విలువ రావడం లేదు బాబా."

"పైనా?" ఆయన తలెత్తి వసారా కప్పు వైపు చూశారు. "పైన ఏముండాది?"

జైబున్‌కి నవ్వొచ్చింది. "ఆ పై కాదు బాబా. గుండ్రంగా ఉండేదేదైనా సరే, దాని చుట్టుకొలతని అడ్డకొలతతో భాగిస్తే వచ్చేది. గాజైనా, బండి చక్రమైనా, చందమామైనా అదొక్కటే. మూడు కంటే కొంచెం ఎక్కువ. దానికి చివరన్నది లేదు."

"చివర లేనిదాన్ని ఆ డబ్బాలో పట్టాలంటావు."

"పట్టదని తెలుసు. కొంచెం దగ్గరికన్నా రావాలి కదా."

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి ఆయన పక్కన చాప మీద పెట్టింది. కంప్యూటర్‌తో మాట్లాడటానికి పైథాన్ అని ఒక భాష ఉందని, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చాలా తేలికని, తన ఎనిమిదో తరగతి పిల్లలే నాలుగు వరసలు రాసి లెక్కలు చేయిస్తారని చెప్పింది. తెర మీద ఒక చదరం గీసింది. దాని నాలుగు అంచులనీ తాకేలా లోపల ఒక వృత్తం.

"ఇప్పుడు దీంట్లో చుక్కలు రాల్చమని చెప్తాను. చదరం అంతటా పడతాయి. కొన్ని వృత్తం లోపల, కొన్ని బయట మూలల్లో. లోపల పడినవెన్నో లెక్కపెట్టి, మొత్తం చుక్కలతో భాగించి, నాలుగుతో గుణిస్తే పై రావాలి."

"ఏ చుక్క యాడ పడాల్నో నువ్వు చెప్తావా?"

"లేదు బాబా. అదే కళ్ళు మూసుకుని వేస్తుంది. ఎక్కడ పడేదీ నాకు తెలీదు. దానికీ తెలీదు."

బాబా సూది ఆపారు.

"ఎవరికీ తెలీదా?"

"ఎవరికీ తెలీదు."

ఆ మాట అని జైబున్ మీట నొక్కింది. తెర మీద చుక్కలు రాలడం మొదలైంది. లోపలివి నీలంగా, బయటివి ఎర్రగా.

ఇలియాస్ పోయింది ఇలాగే. గాలి లేదు, వాన లేదు. డ్యూటీ దిగి మోటారు సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. రోడ్డు పక్కన ఆపాడు. పైనుంచి నిద్రగన్నేరు కొమ్మ విరిగి పడింది. ఎప్పటినుంచి లోపల పుచ్చిపోయి ఉందో ఆ కొమ్మ. ఇంకో బారెడు ముందుకెళ్ళి ఆపినా, ఇంకో నిమిషం ఆగి వచ్చినా ఏమీ అయ్యేది కాదు. అక్కడే ఎందుకు ఆపాడన్నది ఊళ్ళో ఎవరికీ తెలియదు. జైబున్‌కి తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు, కన్నతల్లికి కూడా.

"ఎట్ల పడితే అట్ల పడేదాంట్లో లెక్క ఎట్లుంటుంది బాబా?" అంది చివరికి. "ఇది తప్పుడు పద్ధతి. పుస్తకంలో ఉందని పిల్లలకి చెప్పాను గానీ, నాకే అర్థం కాలేదు. ఏమీ తెలీని చుక్కల్ని నమ్ముకుంటే జవాబు ఎట్లొస్తుంది?"

బాబా దారం కొరికి, కుట్టు పూర్తయిన గొడుగుని ఒకసారి తెరిచి మూశారు. పాతకాలపు పెద్ద నల్లగొడుగు.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ముంగిట్లో పరిచిన నల్లబండలు పగలంతా ఎండకి కాలి ఉన్నాయేమో, మట్టివాసన లేచింది.

బాబా లేచి, గొడుగు తెరుచుకుని ముంగిట్లోకి నడిచారు. తన తల మీద పట్టుకోలేదు. చెయ్యి బారుగా చాచి, ఖాళీ బండ మీద నిట్టనిలువుగా పట్టుకుని నిలబడ్డారు. గొడుగు కింద ఎవరూ లేరు. ఆయన బయట ఉన్నారు.

"బాబా! తడిసిపోతున్నారు!" జైబున్ లేచింది.

ఆయన కదల్లేదు. తెల్లటి లాల్చీ వీపుకి అంటుకుపోయింది. గడ్డం కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. బండలన్నీ నల్లగా తడిసేదాకా అలాగే నిలబడి, అప్పుడు, "ఇట్రా" అని పిలిచారు.

జైబున్ పరుగున వెళ్ళింది. ఆయన గొడుగుని పక్కకి తీశారు.

తడిసిన బండల మధ్య పొడిగా, గుండ్రంగా ఒక జాగా కనిపించింది. గీసినట్టుంది. ఊపిరి పీల్చుకునేంత సేపు అలా ఉండి, దాని మీద కూడా చినుకులు పడి చెరిగిపోయింది.

"గుండ్రంగా గీద్దామని ఏ చినుకైనా వచ్చిందా?" అన్నారు బాబా.

లాల్చీ మార్చుకోడానికి లోపలికి వెళ్ళిపోయారు.

జైబున్ వానలో తడుస్తూనే ఇంటికి వెళ్ళింది. తడి బట్టలతోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఈసారి చుక్కలు కొన్ని కాకుండా లక్ష రాల్చమంది. మూడు పాయింట్ ఒకటి నాలుగు వచ్చింది. ఇంకా ఎక్కువ రాల్చమంది. చాలాసేపు ఆలోచించి, కంప్యూటర్ మరో అంకె దాకా సరిగ్గా చెప్పింది. ఏ చుక్కకీ ఏమీ తెలియదు. అన్నీ కలిస్తే మాత్రం, చందమామకీ గాజుకీ ఒకటే అయిన ఆ సంఖ్య, దానంతట అదే వచ్చి కూర్చుంటోంది.

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాబా ఏడాది తర్వాత జవాబు చెప్పారు అనుకుంది.

మర్నాడు క్లాసులో, "ఎవరిదీ తప్పు కాదు. అందరి జవాబులూ కలిపి సగటు తీయండి" అంది. తీశారు. ఒక్కొక్కరి జవాబు కంటే అందరిదీ కలిపిందే అసలు విలువకి దగ్గరగా వచ్చింది. పిల్లలు బల్లలు చరిచి గోల చేశారు. పక్క క్లాసు తెలుగు మాస్టారు వచ్చి తొంగిచూసి వెళ్ళారు.

ఏడాదిగా జైబున్ కొత్తిమీర కొనలేదు. ఆ వారం సంతలో ఒక కట్ట కొంది. తల్లి ఆ కట్టని చేతిలోకి తీసుకుని, కూతురి మొహం చూసి, ఏమీ అడగకుండా కడగడానికి తీసుకెళ్ళింది.

మనసు తేలికపడింది. తేలికపడ్డ మనసు ఊరుకోలేదు. స్కూల్లో ఆయా మొగుడు తాగి కొడుతున్నాడని ఏడిస్తే, జైబున్ ఆమెకి చుక్కల సంగతి చెప్పింది. పక్కింటి జాన్‌బీకి ఆపరేషన్ అయితే, మంచం పక్కన కూర్చుని చుక్కల సంగతి చెప్పింది. మనకి అడ్డదిడ్డంగా కనపడుతుందిగానీ, మొత్తం కలిపితే లెక్క సరిగ్గా ఉంటుందంది. వాళ్ళు తలాడించారు. చదువుకున్న పిల్ల, బాబా శిష్యురాలు, ఏదో పెద్ద మాటే అయ్యుంటుంది అనుకున్నారు. జైబున్‌కి ఆ తలాడింపులు బాగున్నాయి.

గురువారం దర్గాలో జనం ఎక్కువగానే ఉన్నారు. ఊదు పొగ వసారా దాకా కమ్ముకుంది. చివర్లో ఓబుళమ్మ వచ్చింది. పక్క వీధిలో ఉంటుంది. బుడ్డల కాలంలో వేరుశనగ చేలకి కూలికి పోతుంది. ఆమె కొడుకు నెల కిందట జ్వరంతో పోయాడు. ఇంకా బడిలో చేర్చే వయసు కూడా రాలేదు.

ఓబుళమ్మ చక్కెర పొట్లం బాబా ముందు పెట్టి, దణ్ణం పెట్టుకోకుండా అలాగే కూర్చుంది.

"ఊరంతా జ్వరాలే గదా బాబా. అందరి పిల్లోళ్ళూ లేసి తిరగతాండారు. నా కొడుకే దొరికినాడా?"

బాబా నెమలీకల కట్టని ఆమె తల మీద పెట్టారు. పెట్టి, తియ్యలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రాలేదు.

ఆ మౌనం చూసి జైబున్ ఉండబట్టలేకపోయింది. ఇదే ప్రశ్న తనూ అడిగింది. దీనికి జవాబు తన సంచీలో ఉంది.

"అక్కా, ఇట్లా రా. నీకొకటి చూపిస్తాను."

ఓబుళమ్మ కళ్ళు తుడుచుకుని దగ్గరికి జరిగింది. జైబున్ తెర తెరిచి చుక్కలు రాల్చింది.

"చూడు. ఒక్కోటీ ఎటో పడుతోంది కదా? ఇది ఇక్కడే ఎందుకు పడింది అంటే ఎవరూ చెప్పలేరు. కానీ అన్నీ పడ్డాక చూస్తే, లెక్క ఎంత సరిగ్గా వచ్చిందో చూడు. అంతా కలిపితే ఎక్కడా తప్పు లేదక్కా. మనకి కనపడదు, అంతే."

ఓబుళమ్మ తెర మీదికి వంగింది. చాలాసేపు చూసింది. ఆమె కళ్ళు చదరంలో ఈ మూల నుంచి ఆ మూలకి వెతికాయి.

"దీంట్లో మావోడు యాడుండాడు టీచరమ్మా?"

జైబున్ తడబడింది. "అట్లా ఒక్కొక్కటి చూడకూడదక్కా. అన్నీ కలిపి చూడాల."

"అన్నీ నాకెందుకమ్మా?" అంది ఓబుళమ్మ.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. కొంచెంసేపు జవాబు కోసం చూసి, రాకపోయేసరికి కొంగు దులుపుకుని లేచింది. చదివింపు కాకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. చక్కెర పొట్లం బాబా ముందు అలాగే ఉండిపోయింది.

జైబున్ బాబా వైపు చూసింది. ఆయన నెమలీకల కట్టని దాని చోట పెట్టి, గదిలోకి వెళ్ళారు. చాయ్ తాగమని అనలేదు.

ఆ వారమంతా జైబున్‌కి ఏదీ తోచలేదు. తను చెప్పినదాంట్లో తప్పేముంది? లెక్క తప్పు కాదు. క్లాసులో మళ్ళీ నడిపి చూసింది, సరిగ్గానే వచ్చింది. చదువులేని మనిషికి అర్థం కాలేదని సర్దుకోబోయింది. కానీ చుక్కలు రాలుతుంటే ఇదివరకులా కింద వచ్చే సంఖ్య మీదికి చూపు పోవడం లేదు. ఏదో ఒక చుక్క మీద ఆగుతోంది. ఆగిన చూపుని తీసుకుంటే ఇంకో చుక్క మీద ఆగుతోంది. కళ్ళు నొప్పి పుట్టి ల్యాప్‌టాప్ మూసేసేది. కొత్తిమీర వంటింట్లో వాడిపోయింది. తల్లి దాన్ని పారేస్తూ, "మళ్ళీ ఏమైందే?" అంది. ఏమైందో జైబున్‌కే తెలియలేదు.

తర్వాతి గురువారం ఓబుళమ్మ దర్గాకి రాలేదు.

శుక్రవారం బడి వదలగానే జైబున్ వెళ్ళింది. వసారాలో బాబా ఒక్కరే ఉన్నారు. ఒళ్ళో ఎవరిదో పిల్లల గొడుగు, పూలబొమ్మలది.

"బాబా, మీరు నాకు చూపించిందే కదా నేను ఆమెకి చూపించింది?"

"నేనేం చూపించినాను?"

"చినుకులు. ఆ రోజు గొడుగు పట్టుకుని."

"గొడుగు పట్టుకున్నా. వాన పడె."

"మరి దాని అర్థం?"

"దాన్ని నువ్వు ఆ పొద్దే ఇంటికి తీసకపోతివి. నా దగ్గర లేదు."

జైబున్‌కి ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. "నాకేమీ అర్థం కావడం లేదు బాబా. ఏడాది తర్వాత ఒక్క మాట దొరికింది నాకు. దాన్ని పట్టుకుని నిలబడ్డాను. అది కూడా తప్పేనా?"

బాబా గొడుగు పక్కన పెట్టారు. చేతులు తుడుచుకున్నారు.

"ఆ డబ్బా తెరువు."

తెరిచింది. చుక్కలు రాలాయి. లక్ష చుక్కలు కలిసిపోయి వృత్తమంతా నీలం ముద్దలా ఉంది.

"ఓబుళమ్మ అడిగిందే నేనూ అడగతా. దీంట్లో ఇలియాస్ యాడుండాడు?"

"బాబా..."

"చూపించు."

"ఇన్నిట్లో కనపడదు బాబా."

"అయితే కనపడేట్టు చెయ్."

ఆమె వేళ్ళు మీటల మీద తడుముకున్నాయి. లక్షని చెరిపి నూరు చేసింది. మళ్ళీ నడిపింది. నూరు చుక్కలు, ఒక్కోటీ విడిగా. నీలంవి డెబ్బైతొమ్మిది. కింద జవాబు వచ్చింది: మూడు పాయింట్ ఒకటి ఆరు.

ఇది ఒట్టి లెక్క అని తనకి తెలుసు. చుక్కలు మనుషులు కాదు. అయినా వేలు చాచడానికి ధైర్యం చాల్లేదు. బాబా తొందరపెట్టలేదు. ఎదురుగా దర్గా గోడ మీద పావురాలు వాలి లేచాయి. చివరికి ఆమె వేలు తెర కుడివైపుకి వెళ్ళింది. అక్కడ ఒక నీలం చుక్క వృత్తం గీతకి ఆనుకుని ఉంది. వెంట్రుకవాసి అటుంటే బయట పడేది.

"ఇది," అంది.

"తీసెయ్."

"ఏంటి బాబా?"

"ఆ చుక్కని తీసెయ్."

ఎందుకో అర్థం కాలేదు. బాబా చెప్పారని, పడిన చుక్కలు కదలకుండా ఆ ఒక్కదాన్నే తీసేసే వరస ఒకటి రాసింది. మీట నొక్కింది. చుక్క పోయింది. అది ఉన్నచోట తెల్లగా ఖాళీ. కింద అంకెలు మారాయి.

"ఏమాయె?"

జైబున్ తెరనే చూస్తోంది. "జవాబు మారింది బాబా."

"ఎట్ల మారె?"

చెప్పేటప్పుడు ఆమె ఆయన వైపు చూడలేకపోయింది.

"మూడు పాయింట్ ఒకటి అయిదు అయింది. అసలుదానికి ఇంకా దగ్గరికొచ్చింది. ఆ చుక్క లేకపోతేనే జవాబు బాగుంది."

"మంచిదే గదా. దగ్గరికి రావాలనే గదా నీ బాధంతా. అట్లనే ఉంచు."

బాబా పూలబొమ్మల గొడుగుని మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. చువ్వ ఒకటి పట్టుకుని నెమ్మదిగా సాపు చేయసాగారు.

జైబున్ ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది. గీత పక్కన అంత చిన్న ఖాళీ. చూడమని వేలు పెట్టి చూపిస్తే తప్ప ఎవరికీ తెలియదు.

"వాడు అక్కడ బండి ఆపింది నా కోసమే బాబా," అంది.

బాబా చేతులు ఆగాయి.

"నేనే ఫోన్ చేశాను. వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మని. బండి నడుపుతూ ఫోన్ ఎత్తొద్దని వాడికి చెప్పింది కూడా నేనే. అందుకే పక్కకి ఆపి ఎత్తాడు. 'ఆ, తెస్తాలేక్కా' అన్నాడు. తర్వాత చప్పుడొచ్చింది. నేను సిగ్నల్ పోయిందనుకుని పెట్టేశాను."

నీ తప్పు కాదని బాబా అనలేదు. రాసిపెట్టుంది అనలేదు. చెయ్యి చాచి ఆమె తల మీద పెట్టారు, అంతే. సూది పోట్లతో గరుకెక్కిన అరచెయ్యి. చాలా బరువుగా ఉంది.

కొంతసేపటికి జైబున్ కొంగుతో మొహం తుడుచుకుంది. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, తను రాసిన వరస మీదికి వెళ్ళి దాన్ని చెరిపేసింది. మీట నొక్కింది. గీతకి ఆనుకుని నీలం చుక్క మళ్ళీ కనిపించింది. కింద అంకెలు వెనక్కి వెళ్ళాయి.

బాబా తెర వైపు చూశారు. "జవాబు తప్పతాదే?"

"తప్పనీ బాబా."

ఆయన ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, తల మీది చెయ్యి తీసుకున్నారు. సూది అందుకున్నారు. రెండు కుట్లు వేశాక, తలెత్తకుండానే అడిగారు.

"ఓబుళమ్మ కొడుకు పేరేంది?"

జైబున్‌కి ఆ పేరు తెలియదు. ఆ రోజు ఆమెకి వృత్తం చూపించింది, చదరం చూపించింది, లక్ష చుక్కలు చూపించింది.

ల్యాప్‌టాప్ మూసి చాప మీదే వదిలేసింది. చెప్పులేసుకుని మెట్లు దిగింది.

ఓబుళమ్మ వాకిట్లో పక్కన గంప, ముందు చాట పెట్టుకుని బుడ్డలు ఒలుస్తోంది. జైబున్‌ని చూసి, "ఏం టీచరమ్మా?" అంది. కూర్చోమనలేదు. ఆమె చూపు జైబున్ భుజం మీదికి, సంచీ కోసమేమో, వెళ్ళి వచ్చింది.

జైబున్ ఎదురుగా నేల మీద కూర్చుంది. గంప లోంచి ఒక గుప్పెడు బుడ్డలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. కొంతసేపటికి ఓబుళమ్మ గంపని ఇద్దరికీ నడుమ ఉండేట్టు కాలితో కొంచెం జరిపింది.

"అక్కా, వాడి పేరేంది?"

ఓబుళమ్మ చేతులు ఆగాయి.

"చెన్నకేశవులు," అంది. "అంత పేరు ఎవురు పిలస్తారు. కేసన్నా అంటే పలికేటోడు." ఆగి, ఒక బుడ్డని చిదిపింది. "పిలిస్తే నేరుగా వచ్చేటోడు కాదు. యాన్నో దాక్కోని, నేను ఎతికేదాకా నగతా ఉండేటోడు. నవ్వు ఇనపడతాంటే నాకు తెలిసిపోయేది. తెలీనట్టు ఊరంతా ఎతికేదాన్ని."

జైబున్ తల వంచుకుని వింటోంది.

"ఒగసారి ఈ గంపలోనే కూసోని మీద గోనెసంచి కప్పుకున్యాడు చూడు..."

ఓబుళమ్మ చెబుతోంది. జైబున్ ఇంకో గుప్పెడు తీసుకుంది.